అనంతపురంలో అమ్మానాన్నల ఇంటికి స్మార్ట్ స్విచ్‌లు: కరెంటు పోయి వచ్చినా నమ్మకంగా పనిచేసేవి ఎలా ఎంచుకోవాలి?

శింగనమల_చెరువు
మా ఇల్లు అనంతపురం రాంనగర్‌లో. అమ్మానాన్న ఇద్దరే ఉంటారు, నేను బెంగళూరులో. నాన్నకు మోకాళ్ల నొప్పులు. ట్యాంకు నిండిందో లేదో చూడటానికి మేడ మెట్లు ఎక్కలేరు. అందుకని పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు తొమ్మిది వైఫై స్విచ్‌లు, రెండు స్మార్ట్ ప్లగ్గులు, ఒక మాట్లాడే స్పీకరు, రెండు కెమెరాలు పెట్టి వెళ్లాను. అన్నీ ఆన్‌లైన్‌లో రేటింగులు చూసి కొన్నవే.

ఇప్పుడు కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మూడో నాలుగో స్విచ్‌లు ఆఫ్‌లైన్‌లో ఉండిపోతున్నాయి. పోయిన వారం గాలివానకు పోయిన కరెంటు రాత్రి 2 గంటలకు వచ్చింది. రాగానే హాలు, పడకగది, వరండా లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయట. ఎవరో లోపలికి వచ్చారనుకుని అమ్మ హడలిపోయింది. ఆ రాత్రి మళ్లీ నిద్రపోలేదు.

అంతకంటే ఘోరం మోటరుది. సంపు మోటరుకు పెట్టిన ప్లగ్గు ఫోన్‌లో ఆఫ్ అని చూపిస్తోంది, మోటరు మాత్రం తిరుగుతూనే ఉంది. ట్యాంకు పొంగి పక్కింటి గోడ మీదికి నీళ్లు పోతే వాళ్లు వచ్చి చెప్పారు. ఎండాకాలంలో నీళ్ల ట్యాంకరు కొనుక్కునే వీధి మాది. గంటన్నర నీళ్లు వృథాగా పోయాయి.

నాన్న ఒకటే అన్నారు, "పాత స్విచ్చే పెట్టించు నాయనా, దాన్ని నమ్మొచ్చు" అని. నాకు చాలా బాధేసింది. ఏ కంపెనీది కొనాలో చెప్పమనడం లేదు. మన ఎండలకు, మన కరెంటుకు నిలబడే వస్తువును ఎలా గుర్తుపట్టాలి, ఏది ఆటోమేటిక్ చేయాలి, ఏది చేయకూడదు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

వైరింగ్_మేస్త్రీ_కడప
ముందు ఆ మోటరు ప్లగ్గు పీకించు తమ్ముడూ, ఈ రోజే. ఫోన్‌లో ఆఫ్ అని చూపిస్తూ మోటరు తిరుగుతోందంటే లోపల రిలే (కరెంటును కలిపి విడదీసే చిన్న స్విచ్) కాంటాక్టులు అతుక్కుపోయాయి. ఇంక అది ఆఫ్ కాదు. వేడెక్కి ప్లగ్గే కాలుతుంది.

నీ మోటరు ఎన్ని హెచ్‌పీ? ప్లగ్గు మీద ఎన్ని ఆంపియర్లు అని ఉంది?

శింగనమల_చెరువు
మోటరు 1.5 హెచ్‌పీ. ప్లగ్గు మీద 16 ఆంపియర్లు అని ఉంది. సరిపోతుందనే అనుకున్నాను. నాన్నకు ఫోన్ చేసి మెయిన్ ఆపించి తీయించాను.

వైరింగ్_మేస్త్రీ_కడప
అందరూ పడే పొరపాటే. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు, కానీ అది మోటరు ఇచ్చే పని లెక్క. కరెంటు అంతకంటే ఎక్కువ లాగుతుంది. 1.5 హెచ్‌పీ మోటరు నడిచేటప్పుడు 8 నుంచి 10 ఆంపియర్లు. స్టార్టయ్యే ఆ ఒక్క క్షణం దానికి ఐదారు రెట్లు. ప్లగ్గు మీద రాసే 16 హీటరు, ఇస్త్రీపెట్టె లాంటి లోడుకు. మోటరు లోడు వేరు. దానికితోడు సాయంత్రం లో వోల్టేజీలో మోటరు ఎత్తుకోలేక మూలిగినప్పుడు ఆ ఎక్కువ కరెంటు ఇంకా సేపు నిలుస్తుంది. చిన్న రిలే ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది?

మోటరుకు కాంటాక్టరు, అంటే పెద్ద లోడు మోసే రిలే, పెట్టాలి. 25 ఆంపియర్లది చాలు. స్మార్ట్ రిలే కాంటాక్టరు కాయిల్‌ను (దాన్ని కలిపే తీగచుట్టను) మాత్రమే నడపాలి. కాయిల్ లాగేది చాలా తక్కువ, రిలేకు బరువే ఉండదు. ఓవర్‌లోడ్ రిలే కూడా కలిపి పెట్టించు, మోటరు జామ్ అయితే కాపాడుతుంది.

బోరు మోటరైతే ఇంకో సంగతి ఉంది. పాత సబ్‌మెర్సిబుల్ ప్యానెళ్లలో ఆకుపచ్చ బటను నొక్కితేనే స్టార్టింగ్ కెపాసిటరు కలుస్తుంది. అలాంటిదానికి కరెంటు ఇచ్చి తీసేసినంత మాత్రాన మోటరు ఎత్తుకోదు. ప్యానెలే మార్చాలి.

నల్లరేగడి
ఇంత అవసరమా అనిపిస్తోంది. మా ఇంట్లో (ఆదోని) పదకొండేళ్లుగా మామూలు వాటర్ లెవెల్ కంట్రోలరు ఉంది. లోకల్ షాపులో కొన్నదే. యాప్ లేదు, వైఫై లేదు. ట్యాంకు తగ్గితే ఆన్, నిండితే ఆఫ్. మీ నాన్నగారు చెప్పింది నిజం. ట్యాంకు నింపడానికి ఇంటర్నెట్ ఎందుకు?

హంద్రీ_కోడర్
@నల్లరేగడి మోటరు వరకు మీతో ఏకీభవిస్తాను. కానీ ఆయన దూరంగా ఉంటున్నారు. సంపులో నీళ్లు అయిపోయాయా, మోటరు ఈ రోజు తిరిగిందా అని అక్కడి నుంచి తెలుసుకోవాలి. ఆ సమాచారం కోసం స్మార్ట్ కావాలి. ఆపడం, నడపడం మాత్రం వైరింగులోనే ఉండాలి. ఈ రెండూ కలిపేయడం వల్లే గొడవంతా.

మిగతా సమస్యలకు ఒక్కొక్కటిగా.

లైట్లన్నీ వెలగడం: దాదాపు ప్రతి యాప్‌లోనూ ప్రతి స్విచ్‌కూ "కరెంటు వచ్చాక ఏ స్థితిలో ఉండాలి" అనే సెట్టింగు ఉంటుంది. ఆన్, ఆఫ్, ముందు ఎలా ఉంటే అలా, ఈ మూడింట్లో ఒకటి. మీ వాటిలో ఆన్ అని ఉండి ఉంటుంది. లైట్లకు "ముందు ఎలా ఉంటే అలా", మోటరుకు, గీజరుకు తప్పనిసరిగా "ఆఫ్". కొనేముందే ఈ సెట్టింగు ఉందో లేదో చూడండి. లేకపోతే ఎంత చవకైనా వద్దు.

ఆఫ్‌లైన్ కావడం: కరెంటు రాగానే స్విచ్‌లు ఐదారు సెకన్లలో లేస్తాయి, రూటరు లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. కొన్ని చవక స్విచ్‌లు కాసేపు వెతికి వదిలేస్తాయి. రూటరు, ఫైబర్ పెట్టె రెండూ అసలు ఆగకుండా చూసుకుంటే సగం గొడవ పోతుంది. ఇన్వర్టరు లైనులో పెట్టండి. లేకపోతే 12 వోల్టుల చిన్న రూటర్ యూపీఎస్ దొరుకుతుంది.

శింగనమల_చెరువు
సెట్టింగు చూశాను. తొమ్మిదిట్లో ఆరు "ఆన్"లోనే ఉన్నాయి! మార్చేశాను. మిగతా మూడింట్లో ఆ సెట్టింగే లేదు.

ఉగ్గాని_బజ్జి
ఆ మూడూ ఆఫ్‌లైన్ అయ్యేవాటిలోనే ఉంటాయని నా పందెం. నేను గెలిస్తే సప్తగిరి సర్కిల్ దగ్గర ఉగ్గాని ప్లేటు మీ ఖర్చు.

శింగనమల_చెరువు
గెలిచారు. ఊరికి వచ్చినప్పుడు ఇప్పిస్తా.

బేతంచెర్ల_బండ
నాకూ మూడేళ్ల కింద ఇదే అనుభవం. మాది కర్నూలు పాతబస్తీలో తాతలనాటి ఇల్లు. రాతి గోడలు అడుగున్నర మందం, కింద బేతంచెర్ల బండలు. రూటరు హాల్లో ఉంటే వంటింట్లో వైఫై రాదు. వైఫై స్విచ్‌లతో ఏడాది కుస్తీ పట్టి జిగ్‌బీకి (వైఫై కాని ఇంకో వైర్‌లెస్ పద్ధతికి) మారాను.

జిగ్‌బీలో ప్రతి స్విచ్ నేరుగా రూటరును పట్టుకోవాల్సిన పని లేదు. పక్క స్విచ్‌కు చెబితే అది దాని పక్కదానికి అందిస్తుంది. గది గదికీ ఒకటి ఉంటే మందం గోడలైనా దాటిపోతుంది. వైఫై పాస్‌వర్డు మార్చినా వాటికి సంబంధం లేదు. ఆఫ్‌లైన్ అనే మాట విని ఏడాదిన్నర దాటింది.

ఒక జాగ్రత్త చెప్పాలి. జిగ్‌బీ కూడా 2.4 గిగాహెర్ట్జ్ మీదే నడుస్తుంది. వైఫైని 1వ ఛానెల్‌లో, జిగ్‌బీని 25లో పెట్టాక నాకు స్థిరపడింది. ఇంకోటి, జిగ్‌బీ సిగ్నల్ అందుకునే యూఎస్‌బీ డాంగిల్‌ను కంప్యూటరుకు నేరుగా గుచ్చొద్దు. యూఎస్‌బీ 3 పోర్టుల రొద ఇదే ఫ్రీక్వెన్సీలో ఉంటుంది. ఒక మీటరు ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరంగా పెట్టండి. ఈ చిన్న విషయం తెలియక రెండు నెలలు తల పట్టుకున్నాను.

కొండారెడ్డి_బురుజు
@బేతంచెర్ల_బండ మీ పాత ఇంట్లో స్విచ్ బోర్డులకు న్యూట్రల్ వచ్చిందా? మా ఇంటి బోర్డుల్లో ఫేజు ఒక్కటే ఉంది. మా ఎలక్ట్రీషియన్ ఎర్తు వైరునే న్యూట్రల్‌గా కలిపేస్తా అంటున్నాడు.

వైరింగ్_మేస్త్రీ_కడప
@కొండారెడ్డి_బురుజు వద్దు. ఒప్పుకోవద్దు. ఎర్తును న్యూట్రల్‌గా వాడితే ఎక్కడో ఒక చోట ఆ ఎర్తు వైరు తెగిన రోజున ఫ్రిజ్జు బాడీకి, గీజరు బాడీకి, కుళాయికి కూడా కరెంటు రావచ్చు. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేది) ఉంటే వెంటనే ట్రిప్ అవుతుంది, అప్పుడు దాన్ని కూడా తీసేస్తా అంటారు. అలా అన్నవాణ్ని ఇంట్లోకి రానివ్వొద్దు.

ప్లగ్గు సాకెట్టు ఉన్న బోర్డులో న్యూట్రల్ తప్పక ఉంటుంది, చూసుకో. లేనిచోట పైపులో కొత్త వైరు లాగొచ్చు. అదీ కుదరకపోతే న్యూట్రల్ అక్కర్లేని స్విచ్‌లు వస్తాయి. వాటితో చిన్న ఎల్ఈడీ బల్బులు ఆపినా మసగ్గా వెలుగుతుంటాయి, బల్బు దగ్గర చిన్న కెపాసిటరు వేస్తే పోతుంది.

బేతంచెర్ల_బండ
మేస్త్రీ చెప్పినట్టే చేయించాను, కొత్త వైరు లాగించాను. న్యూట్రల్ లేని జిగ్‌బీ స్విచ్‌లు సాధారణంగా పక్కదానికి సందేశం అందించవు. వాటితోనే ఇల్లంతా నింపితే నేను చెప్పిన లాభం ఉండదు.

అవ్వ_మనవరాలు
మాది ప్రొద్దుటూరు. మా జేజికి 81 ఏళ్లు, నేను ఆమెతోనే ఉంటాను. పెద్దవాళ్ల ఇంటి గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను.

మొదట నేనూ మాట్లాడే స్పీకరే పెట్టాను. అలెక్సాతో హిందీ, ఇంగ్లీషు మాట్లాడొచ్చు, మా జేజికి ఆ రెండూ రావు. లైటుకు "దీపం" అని పేరు పెట్టి "అలెక్సా, దీపం ఆన్" అని నేర్పాను. పది రోజులు సరదాగా చెప్పింది. తర్వాత ఒక రోజు గొంతు బాగాలేక అది వినిపించుకోలేదు. "నా ఇంట్లో లైటు వెయ్యమని ఇంకొకరిని ఎన్నిసార్లు బతిమాలాలి" అంది. ఆ మాటలో న్యాయం ఉంది. తీసేశాను.

ఇప్పుడు ఆమె కోసం ముఖ్యంగా ఉన్నవి రెండే. మంచం పక్కన గోడకు అంటించిన ఒక పెద్ద బటను. నొక్కితే పడకగది లైటు, మళ్లీ నొక్కితే ఆఫ్. రెండోది, రాత్రి ఆమె లేచి కాళ్లు కింద పెట్టగానే మంచం కింద నుంచి బాత్రూము దాకా చిన్న లైట్లు వెలుగుతాయి, నాలుగు నిమిషాలకు ఆరిపోతాయి. రెండేళ్ల కింద చీకట్లో తడబడి పడింది. ఈ లైట్లు పెట్టాక మళ్లీ పడలేదు. నేను ఖర్చుపెట్టిన ప్రతి రూపాయికీ అదే సమాధానం.

గోడ మీది పాత స్విచ్‌లు ఎక్కడివి అక్కడే ఉన్నాయి, అన్నీ పనిచేస్తాయి. వాటిని మాత్రం ఎవరూ తీయొద్దు.

శింగనమల_చెరువు
@అవ్వ_మనవరాలు అక్కా, అమ్మ కూడా స్పీకరు గురించి ఇంచుమించు ఇదే అంది. నేను పట్టించుకోలేదు. మంచం కింద పెట్టిన సెన్సరు ఏ రకం? ఎండాకాలంలో సరిగా పనిచేస్తోందా? వరండాలో మాది ఏప్రిల్ నుంచి మనిషి పక్కనే నిలబడినా వెలగడం లేదు.

హంద్రీ_కోడర్
అది పీఐఆర్ సెన్సరు అయి ఉంటుంది. దానికి కనిపించేది ఉత్త కదలిక కాదు, కదిలేదాని వేడిలో తేడా. మన ఒంటి పై వేడికీ చుట్టూ ఉన్న వేడికీ తేడా ఉంటేనే మనిషి వచ్చాడని గుర్తిస్తుంది. మే నెల సాయంత్రం వరండాలో గోడలే 37, 38 డిగ్రీలుంటే దానికి మనిషీ గోడా ఒకటే. చలి దేశాల వాళ్లు రాసే రివ్యూల్లో ఈ విషయం కనపడదు.

అవ్వ_మనవరాలు
అవును, మాది పీఐఆరే. మంచం కింద నేల చల్లగా ఉంటుంది, పైగా రాత్రి కూలరు ఉంటుంది, అందుకని ఇబ్బంది రాలేదు. హాల్లో పెట్టినది మాత్రం మే నెలలో నాలుగుసార్లు నడిస్తే రెండుసార్లే వెలిగేది. అక్కడ ఎంఎంవేవ్ రాడారు సెన్సరు పెట్టాను. దానికి వేడితో పని లేదు. కాకపోతే ఫ్యాను గాలికి కర్టెను ఊగినా మనిషి అనుకుంటుంది. కర్టెను వైపు చూడకుండా తిప్పి, సెన్సిటివిటీ తగ్గించాను.

ఉగ్గాని_బజ్జి
మా పిల్లికి ఆ సెన్సరు బాగా అర్థమైంది. రాత్రి మెట్ల దగ్గర ఆగి తోక ఊపుతుంది, లైటు వెలిగాక ఎక్కుతుంది. ఇంట్లో అందరికంటే ముందు నేర్చుకుంది అదే.

పాలకొండ_గాలి
కెమెరాల గురించి ఎవరూ రాయలేదు. నాది కడప. మొదటి కెమెరా పడమటి గోడకు, నీడ లేని చోట బిగించారు. రెండో వేసవికి పోయింది. పెట్టె మీద చదివితే 40 డిగ్రీల వరకే అని ఉంది. మన దగ్గర నీడలోనే 42, 43 వస్తుంది, ఎండ పడే గోడ మీద ఇంకా ఎక్కువ. కొనేముందు ఎన్ని డిగ్రీల దాకా అని చూడండి, 50కి తక్కువైతే బయట పెట్టొద్దు. సన్‌షేడ్ కింద, ఉత్తరం వైపో తూర్పు వైపో బిగించండి. బ్యాటరీతో నడిచే కాలింగ్ బెల్లు ఎండలో పెట్టొద్దు, మా చిన్నాయన వాళ్లది ఉబ్బి పగిలింది.

రికార్డింగు లోపలి కార్డులో కానీ ఇంట్లో పెట్టె మీద కానీ జరగాలి. ఓఎన్‌వీఐఎఫ్ లేదా ఆర్‌టీఎస్‌పీ (అన్ని కంపెనీలకూ ఉమ్మడి పద్ధతులు) ఉన్న కెమెరా తీసుకుంటే కంపెనీ యాప్ ఆగిపోయినా వేరే సాఫ్ట్‌వేర్‌తో చూడొచ్చు.

@శింగనమల_చెరువు రెండు కెమెరాలు ఎక్కడెక్కడ పెట్టారు?

శింగనమల_చెరువు
ఒకటి గేటు దగ్గర, ఒకటి హాల్లో. నాన్న పడిపోతే తెలుస్తుందని హాల్లో పెట్టాను.

అవ్వ_మనవరాలు
హాల్లోది ఒకసారి అమ్మను అడిగి చూడండి. అడిగే విధంగా అడగండి, "నీ కోసమే కదా" అనకుండా. మా పిన్ని వాళ్లబ్బాయి ఇలాగే పెట్టాడు. పిన్ని హాల్లో కూర్చుని పూలు కట్టడం మానేసింది. జుట్టు విప్పుకుని ఆరబెట్టుకోవాలన్నా వెనక గదిలోకి పోయేది. వాడికి ఆరు నెలల దాకా తెలియదు.

తాడిపత్రి_తలుపు
దీనికి నేను ఒప్పుకోను. మా నాన్న గుండెపోటుతో పడిపోయినప్పుడు హాల్లో కెమెరా ఉండబట్టే నేను హైదరాబాదు నుంచి చూసి పక్కింటి వాళ్లను పంపగలిగాను. ఆయన ఈ రోజు ఉన్నారంటే దాని వల్లే. మనసు నొచ్చుకోవడం కంటే ప్రాణం పెద్దది.

అవ్వ_మనవరాలు
@తాడిపత్రి_తలుపు మీ నాన్నగారు క్షేమంగా ఉన్నందుకు సంతోషం. అలాంటి అనుభవం ఉన్న మీ మాట కాదనలేను. నేను అడగమన్నది వాళ్ల ఒప్పుకోలు ఒక్కటే. కెమెరా వద్దంటే వేరే దారులూ ఉన్నాయి. ఉదయం 8 దాకా వంటింటి తలుపు తెరుచుకోకపోతే నాకు ఫోన్‌కు సందేశం వచ్చేట్టు పెట్టుకున్నాను, నేను ఊర్లో లేని రోజులకు. తలుపు సెన్సరు ఒక్కటే, బొమ్మ ఉండదు.

హంద్రీ_కోడర్
ఆ ఆలోచన చాలా బాగుంది అక్కా. నేనూ పెడతాను.

నల్లరేగడి
@తాడిపత్రి_తలుపు మీ పేరులో తలుపు ఉంది కాబట్టి అడుగుతున్నా, స్మార్ట్ తాళం పెట్టొచ్చా?

తాడిపత్రి_తలుపు
తాళాల షాపు మాది. మామూలు తాళంచెవి రంధ్రం ఉన్నదే తీసుకోండి, లేనిది వద్దు. బ్యాటరీ పూర్తిగా అయిపోతే బయటి నుంచి కరెంటు అందించి తెరిచే ఏర్పాటు ఉండాలి. పెద్దవాళ్ల వేలిముద్రలు అరిగిపోయి ఉంటాయి, చాలాసార్లు పట్టదు. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే నంబరు నొక్కేది మేలు. తలుపు వానకు ఉబ్బి ఒరుసుకునేదైతే ముందు తలుపు సరిచేయించండి, లేకపోతే మోటరు తాళం పడదు.

హంద్రీ_కోడర్
ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తా, దేన్ని నమ్మాలి? నేను చేసే పరీక్ష ఒకటే. ఇంటర్నెట్ తీగ పీకేసి చూడండి. గోడ స్విచ్ పనిచేయాలి, టైమరు పనిచేయాలి, బటను నొక్కితే లైటు వెలగాలి. ఏది ఆగిపోతే అది ఎక్కడో దూరాన ఉన్న కంపెనీ సర్వరు మీద బతుకుతోందన్నమాట.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. రివాల్వ్ అనే హబ్ (ఇంట్లోని స్మార్ట్ వస్తువులన్నిటినీ కలిపే పెట్టె) ఉండేది. ఆ కంపెనీని 2014లో గూగుల్‌కు చెందిన నెస్ట్ కొన్నది, 2016 మేలో సర్వీసు ఆపేశారు, జనం ఇళ్లలోని హబ్‌లు పనికిరాకుండా పోయాయి. అమెరికాలోనే ఇన్‌స్టియాన్ కంపెనీ సర్వర్లు 2022 ఏప్రిల్‌లో ముందస్తు మాట కూడా లేకుండా ఆగిపోయాయి. అప్పుడు వస్తువు బాగానే ఉంది, దాని వెనక కంపెనీ లేదు.

అందుకే నేను హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ వాడతాను. ఉచితం, ఇంట్లోనే నడుస్తుంది.

కొండారెడ్డి_బురుజు
దానికి రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు కొనాలి కదా?

హంద్రీ_కోడర్
అక్కర్లేదు, పాత ల్యాప్‌టాప్ ఉంటే అదే మేలు. దాని బ్యాటరీయే యూపీఎస్. నేను మొదట రాస్‌బెర్రీ పై మీద పెట్టాను, కరెంటు కోతలకు రెండు మెమరీ కార్డులు పోయాయి. ల్యాప్‌టాప్‌కు మారాక ఒక్కసారి కూడా ఆగలేదు. ఎప్పుడూ ఛార్జింగులోనే ఉంటుంది కాబట్టి ఛార్జింగు 60 శాతం దగ్గర ఆగేలా పెట్టుకోండి, బ్యాటరీ ఉబ్బకుండా. వారానికోసారి బ్యాకప్ బయటికి తీయండి.

కొండారెడ్డి_బురుజు
పెట్టె మీద మ్యాటర్ గుర్తు ఉంటే కళ్లు మూసుకుని కొనొచ్చా?

హంద్రీ_కోడర్
2022 అక్టోబరులో వచ్చిన ప్రమాణం అది. ఇంట్లోనే మాట్లాడుకుంటాయి, మ్యాటర్ ఉన్న ఏ కంపెనీ యాప్‌తోనైనా కలుస్తాయి. ఆ వరకు మంచిదే. కానీ ఆ గుర్తు రిలే ఎంత లోడు మోస్తుందో చెప్పదు, ఎండకు ఆగుతుందో లేదో చెప్పదు.

వైరింగ్_మేస్త్రీ_కడప
మోటరు వైరింగు పూర్తిగా రాస్తాను, అడిగినతనికి పనికొస్తుంది.

పైన ట్యాంకులో ఒక ఫ్లోటు, సంపులో ఒక ఫ్లోటు. పైది నిండితే తెగేది, సంపుది ఖాళీ అయితే తెగేది. రెండూ కాంటాక్టరు కాయిల్‌కు సిరీస్‌లో. మూడోది స్మార్ట్ రిలే, అదీ సిరీస్‌లోనే. స్మార్ట్ రిలేకు ప్యారలల్‌గా ఒక మామూలు స్విచ్. రిలే పాడైన రోజు నాన్నగారు ఆ స్విచ్ వేసుకుంటారు, ఫ్లోట్లు అప్పుడు కూడా కాపాడతాయి. ఫోను ఏం చెప్పినా, రిలే అతుక్కుపోయినా, ట్యాంకు నిండితే మోటరు ఆగాల్సిందే.

నల్లరేగడి
@వైరింగ్_మేస్త్రీ_కడప అన్నా, ఒక్క మాట. 230 వోల్టుల తీగను ట్యాంకు నీళ్లలోకి దించమంటున్నారా? ఆ నీళ్లతోనే స్నానం చేస్తారు. ఫ్లోటు తొడుగు పగిలితే?

వైరింగ్_మేస్త్రీ_కడప
బాగా అడిగావు, నేను రాయాల్సింది. 24 వోల్టుల కాయిల్ కాంటాక్టరు, దానికి చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టాలి. అప్పుడు ట్యాంకులోకి దిగేది 24 వోల్టులే. స్మార్ట్ రిలే కూడా డ్రై కాంటాక్టుది (తన కరెంటు బయటికి పంపకుండా ఉత్త స్విచ్‌లా కలిపేది) కావాలి, మామూలుది పెడితే 230 బయటికి వస్తుంది. నేను చేసే ఇళ్లలో ఇలాగే చేస్తాను. ట్యాంకు కడిగే రోజు మాత్రం ఎమ్‌సీబీ దించే దిగాలి.

బేతంచెర్ల_బండ
@నల్లరేగడి మీ కంట్రోలరు పదకొండేళ్లు ఆగిందంటే మీ నీళ్లు మెత్తనివి అయి ఉంటాయి. మాది బోరు నీళ్లు. కడ్డీలు ముంచే రకం పెడితే ఎనిమిది నెలల్లో సున్నం పేరుకుని నీళ్లు ఉన్నా లేవనేది. గీకి కడిగితే మళ్లీ పనిచేసేది.

నల్లరేగడి
నిజమే, మాకు మున్సిపాలిటీ నీళ్లు వస్తాయి. బోరు నీళ్లకైతే తేలే ఫ్లోటే మంచిది. ఈ సంగతి నాకు తట్టలేదు.

హంద్రీ_కోడర్
మోటరుకు ఇంకో కాపలా, టైమరు. మీ ట్యాంకు 18 నిమిషాల్లో నిండేదైతే 25 నిమిషాలకు దానంతట అది ఆగాలి. ఆ టైమరు రిలే లోపలే ఉండాలి, సర్వరులో కాదు. టాస్మోటా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసిన రిలేకైతే పల్స్‌టైమ్ అనే ఆదేశం. సెకన్లకు 100 కలిపి ఇవ్వాలి, 25 నిమిషాలంటే 1600. కరెంటు వచ్చాక ఆఫ్‌లో ఉండటానికి పవర్‌ఆన్‌స్టేట్ 0.

పాలకొండ_గాలి
గీజరుకూ ఏసీకీ ఇదే వైరింగా?

వైరింగ్_మేస్త్రీ_కడప
2 కిలోవాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు, 3 కిలోవాట్లది 13. 10 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్గు పెట్టి కాల్చుకున్న ఇళ్లు నాలుగు చూశాను. 16ది పెట్టి అరగంటకు ఆగేలా చెయ్యండి. ఏసీ కరెంటును బయటి నుంచి కట్ చేయొద్దు, కంప్రెసరుకు మంచిది కాదు. రిమోట్ సిగ్నల్ పంపే ఐఆర్ పెట్టె పెట్టుకోండి. బీఎల్‌డీసీ (బ్రష్ లేని మోటరు) ఫ్యాన్లకూ అంతే, రెగ్యులేటరు, డిమ్మరు కలపొద్దు.

అన్నిటికంటే ముందు ఎర్తింగు చూపించు. అనంతపురం నేల ఎండాకాలంలో రాయిలా ఎండిపోతుంది, ఎర్తు గుంత పనిచేయదు. వేసవిలో వారానికి రెండు బిందెల నీళ్లు పోయమని అమ్మకు చెప్పు. మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టరు పెట్టినా ఎర్తు సరిగా లేకపోతే అది ఉన్నా లేనట్టే.

శింగనమల_చెరువు
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. నాలుగు రోజులు సెలవు పెట్టి ఇంటికి వచ్చాను.

మోటరు మేస్త్రీ అన్న చెప్పినట్టే చేయించాను, 24 వోల్టుల కాయిల్, రెండు ఫ్లోట్లు, పక్కన మామూలు స్విచ్. ఎర్తు పరీక్ష చేయిస్తే ఘోరంగా ఉంది, కొత్తది తవ్వించాం. ఆ సెట్టింగు లేని మూడు స్విచ్‌లు తీసేశాను. రూటరుకు చిన్న యూపీఎస్. నా పాత ల్యాప్‌టాప్ బీరువా పక్కన పెట్టాను. మంచం కింద లైట్లు, మంచం పక్కన బటను, మందంగా ఉన్నది, పెద్దది.

హాలు కెమెరా గురించి అమ్మను అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నువ్వు దూరంగా ఉన్నావు, చూడాలనిపిస్తుంది కదా అని ఊరుకున్నా" అంది. ఆ రాత్రే తీసేశాను. నాన్న మాత్రం గేటు కెమెరా ఉంచమన్నారు, పాలబ్బాయి ఎప్పుడు వచ్చాడో చూసుకోవడానికి. వంటింటి తలుపుకు సెన్సరు పెడదామంటే ఇద్దరూ సరేనన్నారు.

నిన్న మధ్యాహ్నం నేనే ఇంటర్నెట్ తీగ పీకి మోటరు వేయించాను. నాన్న కింద కుర్చీ వేసుకుని కూర్చుని గడియారం చూస్తూ ఉన్నారు. 19 నిమిషాలకు టక్ అని ఆగింది. ఇంకోసారి వేయమన్నారు, ట్యాంకు నిండుగా ఉంది కాబట్టి కదల్లేదు. "ఇది బాగుంది" అన్నారు.

వైరింగ్_మేస్త్రీ_కడప
ఆ టక్ అన్నది కాంటాక్టరు. నెలకోసారి ఫ్లోటు చేత్తో ఎత్తి చూడమని చెప్పు.

అవ్వ_మనవరాలు
మంచం పక్కన బటను చీకట్లో కనపడుతుందా? మేము రాత్రి మెరిసే స్టిక్కరు అంటించాం.

శింగనమల_చెరువు
అమ్మ అంతకుముందే ఏదో అంటించింది అక్కా. చూస్తే పాత దుస్తుల మీది పెద్ద గుండీ. చేత్తో తడిమితే తెలుస్తుందట.